వెనక సీట్లో మామగారు

మామగారు పోయి రెండేళ్లయినా, కారు తలుపు తీస్తే నాకంటే ముందు ఆయనే ఎక్కినట్టుంటుంది. అడవులదీవిలో ముప్పై ఏళ్లు బోటు నడిపిన మనిషి. అయినా ఏ బండి చూసినా మొదట వెనక సీట్లోనే కూర్చుని చూసేవారు. "నడిపేవాడికేమండి, ఎలాగైనా సరదాగానే ఉంటది" అనేవారు.

ఈ కారు కొనేటప్పుడు తెనాలిలో పాత కార్లమ్మే షెడ్డుకి ఆయన్ని నేనే తీసుకెళ్లాను. నా మనసు ఎర్రటి స్పోర్ట్స్ కారు మీదుంది. మా ఆవిడ, పిల్లలిద్దరూ నాలుగు తలుపుల కారే కొనమని ఇంటి దగ్గరే చెప్పి పంపారు; ఎర్రకారు పక్కనే అలాంటిదొకటుంది. పాపం, అదీ బాగా పరిగెత్తేదే. తల మీద జుట్టు ఊడింది గాని, తలలో మోజు ఊడలేదు నాకు.

మామగారు ఎర్రకారు వెనక సీట్లోకి దూరారు. మోకాళ్లు గడ్డానికి ఆనాయి. బయటికి లాగడానికి నేనూ, షెడ్డు ఓనరూ ఇద్దరం కావాల్సొచ్చింది.

"బుట్టలో పీతనైపోయానండి అల్లుడుగారూ! మీ అత్తగారు దీంట్లోకి ఎక్కిందంటే ఇంక దిగదు."

ఇక నాలుగు తలుపులదే ఖాయం చేశాను. సంతకాలు పెట్టి వచ్చేసరికి ఆయన ఎర్రకారు స్టీరింగు పట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి, పక్క సీటు తట్టారు.

"రేపల్లె రోడ్డు మీద ఒక్కసారి తిప్పి తెస్తామని అడగండి. అమ్మాయికి మాత్రం చెప్పొద్దు."