ఎక్కడం మాత్రమే చూపించారు

పులివెందుల బస్సు ముద్దనూరు దాటి కొండ దిగుతుంటే కిటికీలోంచి కాలిన బ్రేకు లైనింగుల వాసన వచ్చింది. ముందు పోతున్న లారీది కాబోలు. పక్క సీటులో ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం కిటికీ మూయలేదు. దేవసహాయం సార్ పోయి నెల దాటింది. కొన్నాళ్ళు ఏడుపు వస్తుంది, తర్వాత తగ్గుతుంది అని అందరూ చెప్పారు. నాకు ఏడుపు రావడం లేదు. కోపం వస్తోంది, అది తగ్గడమూ లేదు. ఆ కోపం ఎవరి మీదో చెప్పాలంటే, ఆయన ఎవరో ముందు చెప్పాలి.

ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు మీద పికప్ బండ్లు అమ్మే షోరూం ఒకటి ఉంది. వెనక రేకుల షెడ్డులో దాని వర్క్‌షాప్. దేవసహాయం సార్ ఆ వర్క్‌షాప్ మేనేజరు. మిషన్ బడి టీచరు కొడుకు. పాత లారీల కింద ఇరవై ఏళ్ళు పడుకుని పని నేర్చుకున్నవాడు. నేను తెలుగు ఎం.ఏ. చదివి, టీచరు ఉద్యోగం రాక, అక్కడ జాబ్ కార్డులు రాసే పనిలో చేరాను. బండి రిపేరుకు వచ్చినప్పుడు డ్రైవరు చెప్పిన బాధనూ, విప్పి చూశాక కనబడిన లోపాన్నీ రాసే కాగితం అది. మొదటి వారంలో ఒక డ్రైవరు సింహాద్రిపురం నుంచి చీనీకాయల బండితో వచ్చి, బండి లాగడం లేదన్నాడు. నేను "ఇంజనులో శక్తి క్షీణించినది" అని అందంగా రాశాను. సార్ కార్డు చదివి కళ్ళద్దాల మీదుగా నన్ను చూశారు.

"క్షీణించింది నువ్వు చూసినావా సుజాతా?"

"లేదు సార్. ఆయన చెప్పాడు."

"ఆయన ఆ మాట చెప్పలేదే. ఏం చెప్పినాడో అడుగుదాం రా." డ్రైవరును పిలిచారు. "ఏం మామా, యాడ లాగల్యా?"

"మావూరి గట్టు కాడ సార్. పోయిన నెల మూడో గేరులో ఎక్కేది. ఇప్పుడు రెండు అడుగుతాంది. నల్లపొగ గూడా శానా వస్తాంది."

"అదీ. అది రాయి. మూడో గేరు, రెండో గేరు, నల్లపొగ. శక్తీ గిక్తీ మనకెందుకు, పురాణం చెప్తాండామా?"

డ్రైవరు నవ్వాడు. నాకు అవమానమనిపించింది. విప్పి చూస్తే గాలి పోయే రబ్బరు పైపు చిట్లి ఉంది. చూడనిది రాయకూడదని ఆయన ఎన్నడూ నీతిలా చెప్పలేదు. నేను రాసిన ప్రతి కార్డు మీదా ఎర్ర పెన్నుతో ఒకటో రెండో మాటలు కొట్టేసేవారు, అంతే. ఏడాది తిరిగేసరికి నాకు ఇష్టమైన పుస్తకాల్లో కూడా కొట్టేయవలసిన మాటలు కనబడసాగాయి. యూనివర్సిటీలో ఎవరూ నాకు ఆ పని చేయలేదు.

ఆ తర్వాత కొత్త మోడల్ వచ్చింది. చిన్న ఇంజను, దానికి టర్బో. పాత మెకానిక్‌లందరూ పెదవి విరిచారు. సార్ విరవలేదు. ఒక ఇంజనును బల్ల మీద పెట్టి నన్నూ పిలిచి చూపించారు. బయటికి పోయే పొగే ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంజనులోకి గాలిని ఒత్తి పంపుతుంది, ఎక్కువ గాలితో ఎక్కువ డీజిల్ మండుతుంది, అందుకే చిన్న ఇంజను పెద్దదాని పని చేస్తుంది. "పారేసే పొగతో పని చేయించుకుంటాండారు. చేసినోడు తెలివైనోడు" అన్నారు. బండి తీసుకునే ప్రతి డ్రైవరుకూ ఒక మాట చెప్పేవారు. బరువుతో వచ్చి ఆపగానే తాళం తిప్పొద్దు, ఒక నిమిషం ఇంజను ఊరికే తిరగనీ, టర్బో చల్లబడనీ. డ్రైవర్లు ఎగతాళి చేసేవారు. "మా ఆడోళ్ళు గూడా ఇంత మర్యాద అడగరు సార్" అని ఒకడు అంటే, "అడిగేదానికి నువ్వు ఇంటికాడ ఉంటే గదా" అని సార్ తిప్పికొట్టారు.

ఆ బండిని జమ్మలమడుగు వైపు రాతి గనుల వాళ్ళకు అమ్మాలని యజమాని అనుకున్నాడు. అతని పేరు ఇక్కడ రాయను. గనుల్లో రాతికి రంధ్రాలు వేసే కంప్రెసరు ఉంటుంది. రెండు చక్రాల మీద నిలబడే ఇనుప ముద్ద, దానికి సొంత బ్రేకులుండవు. అప్పటిదాకా ట్రాక్టరుకు తగిలించి మెల్లగా లాక్కుపోయేవారు. పికప్‌కు తగిలిస్తే గంటలో పని అయిపోతుందని మా వాళ్ళ ప్రచారం. వెనక కొక్కేన్ని మా షెడ్డులోనే వెల్డింగ్ చేయించారు. జమ్మలమడుగు దగ్గర ఒక గని ఏటవాలు మీద ప్రదర్శన పెట్టారు. షామియానా వేశారు, చల్లటి మజ్జిగ పోశారు. బండి కంప్రెసరును లాక్కుంటూ ఎక్కడా ఆగకుండా పైకి ఎక్కింది. జనం ఈలలు వేశారు. సేల్స్ మేనేజరు మైకులో ఏదో అరుస్తున్నాడు. సార్ వెళ్ళి అతని పక్కన నిలబడ్డారు.

"బాగా ఎక్కింది. ఇప్పుడు దించండి."

"ఎందుకు సార్?"

"కొనేటోళ్ళు రోజూ దిగల్ల గదప్పా. ఎక్కేటప్పుడు టర్బో తోడొస్తాది. దిగేటప్పుడు ఎక్సలేటరు మీంచి కాలెత్తితే టర్బోకు పనుండదు. అప్పుడిది ఉత్త చిన్న ఇంజనే. ఎనక నుంచి తోసే బరువును గేరుతో పట్టుకునేదానికి పెద్ద ఇంజనుకుండే బిగి దీనికి లేదు. అంతా బ్రేకుల మీద పడతాది."

"సార్, మీరు వర్క్‌షాప్ చూసుకోండి. కొనేవాడికి ఎక్కేది చూపియ్యాల, దిగేది కాదు."

కంప్రెసరును పైనే విప్పేశారు. పికప్ ఖాళీగా, హారన్ కొట్టుకుంటూ దిగింది. కాసేపటికి ఒక ట్రాక్టరు కంప్రెసరును మెల్లగా దించుకొచ్చింది. అందరి కళ్ళ ముందే జరిగింది. గనుల వాళ్ళు చూశారు, డ్రైవర్లు చూశారు, నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని చూశాను. ఆ ట్రాక్టరు ఎందుకు వచ్చిందని ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికంటే ఎక్కువ మండేది ఇక్కడే. ఎవరూ ఏదీ దాచలేదు. మాకు ఈలలు వేయడమే సరిపోయింది.

బండ్లు అమ్ముడుపోయాయి. సార్ డెలివరీ కాగితం మీద చేత్తో ఒక వాక్యం రాయడం మొదలుపెట్టారు. "కంప్రెసరు తగిలించుకుని కొండ దిగవద్దు." దాని కింద కొన్నవాడి సంతకం కాకుండా డ్రైవరు సంతకం తీసుకునేవారు. స్టీరింగు ముందు కూర్చునేది అతనే కదా అనేవారు. నెలలోపే యజమాని కొత్త కాగితాలు అచ్చు వేయించి, చేత్తో రాసే చోటు లేకుండా చేశాడు. సార్ అంచు మీద రాశారు. ఒకసారి భార్య కంటి ఆపరేషన్ కోసం సార్ నాలుగు రోజులు సెలవు పెట్టి కడపకు పోయారు. ఆ నాలుగు రోజుల్లో ఒక బండి డెలివరీ అయింది. కాగితం నేనే ఇచ్చాను. అంచు మీద ఏమీ రాయలేదు. డ్రైవరు ఖాజా, జమ్మలమడుగువాడు, "ఇంకేమన్నా చెప్పల్నా మ్మా?" అని అడిగాడు. యజమాని అద్దాల గదిలోంచి చూస్తున్నాడు. ఏమీ లేదన్నాను.

రెండు నెలల తర్వాత ఖాజా ముద్దనూరు కొండ దిగుతుంటే బ్రేకులు పట్టలేదు. వెనక కంప్రెసరు బండిని అడ్డం తిప్పేసింది. ఎదురుగా మోటారు సైకిల్ మీద వస్తున్న ఓబులేసు అనే మనిషి అక్కడికక్కడే పోయాడు. ముద్దనూరులో ఎరువుల దుకాణంలో పనిచేసేవాడు. ఖాజా కాలు విరిగింది. బండిని మా షెడ్డుకు తెచ్చారు. సార్ చక్రాలు విప్పించి, ఎవరి చేతికీ పెన్ను ఇవ్వకుండా తానే కార్డు రాశారు. బ్రేకు లైనింగులు నాలుగూ కాలి పలకలా నున్నబడినవి. గేరు రెండులో ఉన్నది. కొక్కెం మన షెడ్డులో వెల్డింగ్ చేసినది. మూడే వాక్యాలు. యజమాని చదివి చించేశాడు. డ్రైవరు డీజిల్ మిగుల్చుకోవడానికి గేరు తీసేసి న్యూట్రల్‌లో దిగాడని రాయమన్నాడు. చాలామంది అలా దిగుతారు కాబట్టి ఎవరైనా నమ్ముతారు.

"గేరు రెండులో ఉండేది నేను నా చేత్తో చూసినా. న్యూట్రల్ అని రాస్తే ఖాజా జైలుకు పోతాడు" అన్నారు సార్.

"అయితే మీరు ఇంటికి పోండి" అన్నాడు యజమాని.

సార్ టిఫిన్ క్యారియరు తీసుకుని వెళ్ళిపోయారు. సాయంత్రం యజమాని ఖాళీ కార్డు నా ముందు పెట్టాడు. "నీ చేతిరాత బాగుంటాది సుజాతా" అన్నాడు. నేను రాశాను. "డ్రైవరు న్యూట్రల్‌లో దిగినట్లు తెలియుచున్నది." ఎవరికి తెలిసిందో లేని ఆ క్రియతో నేను తప్పించుకున్నాననుకున్నాను. పోలీసులు ఆ కార్డే పట్టుకుపోయారు. ఖాజా లైసెన్సు పోయింది, జమ్మలమడుగు కోర్టులో కేసు మొదలైంది.

సార్ ఒక చిన్న షెడ్డు అద్దెకు తీసుకుని ట్రాక్టర్లు బాగుచేసుకున్నారు. ప్రతి వాయిదాకూ ఖాజాతో కోర్టుకు పోయేవారు. చించేసిన కార్డు గురించి చెప్తే, ఉద్యోగం పోయిన అక్కసుతో చెప్తున్నాడని అవతలి వకీలు నవ్వాడట. దారిలో రెండు మూడు సార్లు నాకు ఎదురుపడ్డారు. బాగుండావా అని అడిగారు. ఏం చదువుతాండావు అని అడిగారు. కార్డు మాట ఎత్తలేదు. నేను ఆ షోరూంలోనే పని చేస్తూ ఉన్నాను. పోయిన నెల ఆయన గుండె ఆగి పోయారు.

చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. యజమాని వచ్చాడు. దేవసహాయం తన సంస్థకు వెన్నెముక అన్నాడు, నిజాయితీకి నిలువుటద్దం అన్నాడు, గొంతు గద్గదం చేసుకున్నాడు. జనం తలలూపారు. నేను లేచి అబద్ధమని అరవలేదు, ఆమెన్ అనకుండా కూర్చున్నాను. అంత మాత్రమే చేయగలిగినందుకు నా మీద నాకు అసహ్యం వేసింది. బయట చెప్పుల దగ్గర సార్ భార్య మరియమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆయన నిన్ను ఒక్క మాట అనలేదు సుజాతా. ఇంట్లో గూడా. అనింటే నాకింత మంట ఉండేది కాదు."

మరునాడు షోరూం మానేశాను. ఖాజా వకీలు దగ్గరికి వెళ్ళి అఫిడవిట్ రాసిచ్చాను. డెలివరీ రోజు చెప్పకపోవడం, చించేసిన కార్డులోని మూడు వాక్యాలు, నేను రాసిన వాక్యం. ఒక పేజీ కూడా నిండలేదు. ఖాజా కర్ర మీద ఆనుకుని మొత్తం చదివించుకున్నాడు. 

"ఇది కోర్టుకు. బాగుండాది. ఆ ఓబులేసు పెండ్లాం నేను కోర్టు మెట్లెక్కినప్పుడల్లా ఉమ్మేసి మన్ను పోస్తాది మ్మా. దేవసహాయం సార్ రెండుసార్లు పోయి చెప్పినాడు, నమ్మల్యా. నువ్వు పోయి చెప్పొస్తావా?"

అతని లైసెన్సు కంటే అతనికి కావలసింది అదని నాకు తట్టనే లేదు. కోర్టు కాగితంతో నా పని అయిపోతుందనుకున్నాను. సార్ దగ్గర ఇన్నేళ్ళు నేర్చుకున్నదంతా కాగితం మీదే ఉంచుకున్నాను. ఆయన మాత్రం కార్డు రాసేవారు, ఆ తర్వాత మనిషి దగ్గరికీ పోయేవారు.

ఆదివారం ముద్దనూరు వెళ్ళాను. ఓబులేసు భార్య లక్ష్మీదేవి వాకిట్లో శనక్కాయలు ఒలుస్తోంది. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. బండి గేరులోనే ఉంది, ఖాజా తప్పు లేదు, అతనికి చెప్పాల్సింది నేను చెప్పలేదు, తప్పు రాసింది కూడా నేనే అన్నాను. ఆమె ఒలవడం ఆపలేదు.

"అయితే ఇన్ని దినాలూ నేను తప్పు మనిషి మీద మన్ను పోసినానా?"

"అవును."

"మరి ఎవురి మీద పొయ్యల్ల?"

షోరూం యజమాని పేరు చెప్పాను. ఆమె చేటను పక్కకు పెట్టింది.

"నీ పేరేంది?"

"సుజాత."

"ఇంటిపేరు?"

చెప్పాను. మర్చిపోకుండా ఉండటానికి ఆమె నా పేరునూ ఇంటిపేరునూ కలిపి రెండుసార్లు పైకి పలికింది.