నౌజర్ ఆగా వంతు వదులుకున్న రోజు

ఇరాన్‌లోని షిరాజ్ నగరంలో ఆ పేట జనానికి డాక్టర్ ఫరంగీస్ దెహ్‌బొజొర్గీ అంటే చీటీల డాక్టరు. ప్రభుత్వం కుటుంబ వైద్యుల పథకం పెట్టి, పేటలో రెండున్నర వేల మంది పేర్లు ఆమె జాబితాలో వేసింది. పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే ఆమె చీటీ ఉండాలి. జనం 'డాక్టర్ ఖానుం', అంటే డాక్టరమ్మా, అంటూ కూర్చోకుండానే చీటీ అడుగుతారు. ఆమె మాత్రం కూర్చోబెట్టి, రక్తపోటు చూసి, ఇంటి సంగతులన్నీ కూపీ లాగితే గానీ కలం పట్టదు. పెద్ద డాక్టర్లు తిరిగి ఆమెకు ఒక్క ముక్క రాసిన పాపాన పోరు. అయితేనేం, ఎవరికి షుగరుందో, ఎవరు మాత్రలు పూలకుండీలో పడేస్తున్నారో ఆమెకు తెలుసు. అంత తెలిసిన మనిషి ఆ పేటలో మరొకరుంటే చూపించండి!

పోయిన వారం రొట్టెల కొట్టు నౌజర్ ఆగాతో పెద్ద రభస అయింది.

"కడుపు డాక్టరుకి చీటీ రాయండి డాక్టర్ ఖానుం, చాలు. మీ ప్రశ్నలు అయ్యేలోపు నా కొట్లో రెండు వాయిల రొట్టెలు దిగుతాయి!"

"బల్ల మీద పడుకోండి. చూడనిదే రాయను."

"అయితే మీ జాబితాలోంచి నా పేరు తీయించుకుంటా!" అని ఆయన విసవిసా వెళ్ళిపోయాడు.

ఈ ఉదయం మళ్ళీ వచ్చాడు. తలుపు సందులోంచి ఆమెకు కనిపిస్తూనే ఉన్నాడు. తన వంతు వస్తే, "ముందు మీరు వెళ్ళండమ్మా," అని పక్కావిడను పంపాడు. తర్వాత ఇంకొకాయన్ని.

"అయ్యో, మీరుండగా నేనా?"

"పర్లేదు, కానివ్వండి."

ఎదుటివాళ్ళను ముందు పొమ్మనడం షిరాజీలకు ఉగ్గుపాలతో వచ్చిన మర్యాద. ఎవరికీ వింతగా తోచలేదు. ఫరంగీస్ మాత్రం చేతిలో కలం పక్కన పెట్టేసింది. నలభై ఏళ్ళుగా రొట్టెల కొట్టు ముందు వరుస తప్పినవాణ్ణి, సొంత బావమరిదైనా సరే, దులిపేసే మనిషి వంతు వదులుకుంటాడా? లేవలేకపోతున్నాడు!

గబగబా బయటికొచ్చింది. ఆయన నుదురంతా చెమట.

"ఏమైంది నౌజర్ ఆగా?"

"ఏం లేదు. నిన్న పెరుగూ పుచ్చకాయా కలిపి తిన్నా, ఒంట్లో చలవ ఎక్కువైంది. విరుగుడుగా మా ఆవిడ వేడినీళ్ళలో పటికబెల్లం కలిపిచ్చింది. తగ్గిపోద్ది."

"దవడ లాగుతోందా?"

"మీకెలా తెలుసు?"

"చలవా నా మొహమూ! గుండె అది."

ఆస్పిరిన్ నమిలించింది, ఈసీజీ తీసింది, అంబులెన్సు పిలిపించింది. ఆమెకు భయమేసింది, గొంతులో మాత్రం వినిపించనివ్వలేదు. బండి వచ్చేదాకా ఆయన చెయ్యి వదల్లేదు.

స్ట్రెచర్ ఎక్కించాక ఆయన, పిల్లాడు తల్లి కొంగు పట్టుకున్నట్టు, ఆమె తెల్లకోటు అంచు పట్టుకున్నాడు.

"దాచడమెందుకు డాక్టర్ ఖానుం, పేరు తీయించుకుందామనే వచ్చానివాళ."

"తెలుసు లెండి. బతికొచ్చి తీయించుకోండి. సంతకం నేనే పెడతా."