మనవరాలి బొమ్మకు నేను కొట్టిన చిల్లులు

మా ఆయన తోలుబొమ్మలు ఆడించేవాడు. తెర వెనక ఆయన పక్కన కూర్చుని తాళం వేస్తూ ముప్పై ఏళ్లు గడిపాను. ఆయన పోయాక బొమ్మల పెట్టెను మరిది తీసుకుపోయాడు. బొమ్మలకు నేను చిల్లులు కొట్టే ఉలి ఒకటి నాకు మిగిలింది.

కిందటేడు జమ్మలమడుగులో కూతురి ఇంట్లో ఉండగా, మనవరాలు నవ్వించే బొమ్మ ఒకటి నీళ్ల రంగులతో వేసింది. మరుసటి రోజు ప్రొద్దుటూరులో పిల్లల పోటీకి పంపాలి. దాని బొమ్మ పోటీకి పోవడం అదే మొదటిసారి.

పొట్ట గుమ్మడికాయంత. ఒక చెయ్యి మోకాలిదాకా ఉంది, రెండోది మోచేతి దగ్గరే ఆగిపోయింది. నోరు చెవిలోకి పోయింది. ఎవరూ ఆడించకుండానే గంతులేస్తున్నాడు.

"ఎట్లుండాడవ్వా?"

"మీ తాత కన్నా బాగుండాడు."

పిల్ల ఆడుకోవడానికి పోయింది. తోలుబొమ్మను ఎదురుగా చూసి ఎవరూ మెచ్చుకోరు. వెలుతురుకు పట్టి చూస్తాం; నగలు చిల్లుల్లోంచే మెరుస్తాయి. నేనూ ఎండకు పట్టాను. మొలతాడులో గానీ చెవిపోగుల్లో గానీ ఒక్క చిల్లు లేదు. పిల్ల మర్చిపోయిందనుకున్నాను. పీట వేసుకుని మొలతాడుకు పదకొండు, పోగులకు చెరో మూడు కొట్టాను.

అది వచ్చి చూసింది.

"ఏందవ్వా ఇది! చించి పెట్టినావే!"

"చించలేదు మే. చిల్లులు ల్యాకుంటే బొమ్మ యాడ కనపడుతాది?"

"ఇది కాగితమవ్వా! గోడకు అంటిస్తారు!"

గోడకు. ఆ సంగతి నాకు తోచలేదు. వెనక దీపం లేని బొమ్మలో జనం ఏం చూస్తారో ఇప్పటికీ తెలియదు.

"మూడు దినాలు కూర్చోని వేసిండాది గదమ్మా. నీ చేతులు ఊరుకోవా?" అంది వంటింట్లోంచి కూతురు.

ఊరుకోలేదు.

ఇంకోటి వేద్దామంటే ఎర్రరంగు అయిపోయింది. చిల్లులు ఎన్నున్నాయో చూద్దామని మనవరాలు ఏడుస్తూనే కాగితాన్ని ఎండకెత్తింది. వెలుగు చుక్కలు దాని మొహం మీద పడ్డాయి. కాగితం ఊపింది. చుక్కలు గంతేశాయి. ఏడుపు ఆపలేదు గానీ తగ్గించింది.

"కన్ను పొడవలేదేంది?"

"అది నా పని గాదు. కన్ను అన్నిటికన్నా కడాకు తెరుస్తారు. అదీ బొమ్మ చేసినోళ్లే."

ఉలి ఇచ్చాను. వంకరగా కొట్టింది. వాడి చూపు పక్కింటి మీదికి పోయింది.

తర్వాత అది కాగితం వెనక ఏదో రాసి, నాకు చదివి వినిపించింది: "గోడకు అంటించవద్దు. కిటికీకి కట్టండి."

నాకు రాయడం రాదు. పైన రెండు చిల్లులు కొట్టి దారం ఎక్కించాను.