మూడో నంబరు కిటికీ

ఎవరైనా ఎదురుగా వచ్చి నిలబడగానే ఆయన పెన్ను మూత తీస్తాడు. మూతను పెన్ను వెనక తగిలిస్తాడు. పెన్నును బల్లమీద పడుకోబెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అంటాడు: "చెప్పండి."

పెన్ను తీశాడు గనక రాస్తాడనుకుంటారు. రాయడు. అవతలివాళ్ళ కోపం అయిపోయేదాకా పెన్ను అలా పడుకునే ఉంటుంది. అయిపోయాక రిజిస్టరులో ఒక్క వాక్యం రాస్తాడు. "మూడో అంతస్తుకి నీళ్ళు ఎక్కడం లేదు." అన్ని తిట్లలో మిగిలేది అంతే.

నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ నంబరు మూడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ కిటికీ ఆయనది. వీధిలో అందరూ ఆయన్ని చెప్పండిగారు అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. దాని అవసరం ఇంకెక్కడా పడలేదు.

ఒకటో కిటికీకి, రెండో కిటికీకి అద్దాలున్నాయి. అద్దంలో ఛాతీ ఎత్తున గుండ్రటి కంత. మాట్లాడాలంటే వంగాలి. వంగి తిట్టడం కష్టం, ఆ కష్టానికి మరో నాలుగు తిట్లు అదనం. చెప్పండిగారు చేరిన ఏడాదే తన కిటికీ అద్దానికి మరలు విప్పి, దాన్ని బీరువా వెనక దాచేశాడు. తర్వాత అవతలి వైపు ఒక కుర్చీ వేశాడు. ఇదేమిటని అడిగిన ఆఫీసరుతో, "నిలబడ్డవాళ్ళు పావుగంట తిడతారు సార్. కూర్చుంటే ఆరు నిమిషాలు" అన్నాడు. గడియారం చూసి చెప్పిన మాట. ఆఫీసరు కుర్చీ జోలికి పోలేదు.

వచ్చినవాళ్ళు మొదట నీళ్ళ గురించి చెబుతారు. తర్వాత ఇంటి యజమాని గురించి. ఆ తర్వాత తోడికోడలి గురించి. మొదటిది రాసుకుంటాడు. మిగతా రెండూ వింటాడు.

చిక్కేమిటంటే ఇల్లు ఆఫీసుకి రెండు వీధుల అవతలే. ముద్ద నోటిదాకా వచ్చాక తలుపు చప్పుడవుతుంది. ఒకసారి బార్బరు సగం గడ్డం గీసి కత్తి పక్కన పెట్టాడు. తన సందులోని పంపు సంగతి మొత్తం చెప్పాకే మిగతా సగం గీశాడు. ఆ పావుగంటా చెప్పండిగారు సగం నురగతో తల ఊపుతూనే ఉన్నాడు.

భార్య బడిలో లెక్కల టీచరు. రోజంతా నలభైమంది ఆమె మాట వినరు. ఇంటికొస్తే నలభై ఒకటో మనిషి సిద్ధంగా ఉంటాడు.

"ఊరందరికీ చెవులిచ్చేసి నాకు ఉత్త తలకాయ పట్టుకొస్తారు" అనేది.

"ఊఁ" అనేవాడు ఆయన.

ఆమె మూడేళ్ళు వెంటపడి అర్జీ పెట్టించింది. దాని ఫలితంగా మొన్న సోమవారం ఆయనకొక ఉత్తరం వచ్చింది. పై అంతస్తులో రికార్డుల గది సూపర్‌వైజర్ పదవి. గదికి తలుపుంది. తలుపుకి లోపల గడియ ఉంది. అక్కడ పాత పైపుల పటాలుంటాయి, మనుషులెవరూ ఎక్కిరారు. గురువారం మధ్యాహ్నంలోగా ఒప్పుకుంటున్నదీ లేనిదీ రాసివ్వాలి. ఒప్పుకోకపోతే ఆ పదవి ఒకటో కిటికీ గుమాస్తాకి పోతుంది, మళ్ళీ రాదు.

ఈమధ్య ఆఫీసులో కొత్త నియమం పెట్టారు. పని మారేవాళ్ళెవరైనా ముందు వృత్తి సలహాలిచ్చే మేడమ్‌ని ఒకసారి కలవాలి. అందుకని ఉత్తరంతోపాటు అరవై ప్రశ్నల ఫారం ఇచ్చారు. ఇంట్లో తీరిగ్గా నింపి తెమ్మన్నారు.

ఆయన ఇంట్లో ఏ ఫారమైనా ముగ్గురు కూర్చునే నింపుతారు. మూడో మనిషి బావమరిది. మందుల షాపు. డాక్టర్ల చేతిరాత చదవగలడు గనక కాగితాల వ్యవహారమంతా తనదేనని అతని నమ్మకం.

"పన్నెండో ప్రశ్న" అన్నాడు. "మీకు ఒంటరిగా పనిచేయడం ఇష్టమా, పదిమందితోనా?"

"ఒంటరిగా" అంది భార్య.

"బావని అడుగుతున్నానక్కా."

"ఆయన తరఫునే చెబుతున్నా. రాయరా."

"బావా, నువ్వేమంటావ్?"

"రాయమంటోందిగా" అన్నాడు చెప్పండిగారు.

"పదిహేను. ఇతరుల కోపం మిమ్మల్ని ఎంత బాధిస్తుంది? కొంచెం, చాలా, భరించలేనంత."

చెప్పండిగారు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది. వెనక సందులో పైపు పగిలిందట. గుమ్మంలో నిలబడి విని వచ్చేసరికి అరగంట పట్టింది. అప్పటికి యాభై రెండో ప్రశ్న నడుస్తోంది.

"పదిహేనుకి ఏం పెట్టావు?" అన్నాడు.

"భరించలేనంత. నువ్వు లేచెళ్ళడమే సాక్ష్యం, బావా. కాదంటావా?"

కాదనలేదు. అరవయ్యో ప్రశ్న కింద సంతకం చేశాడు.

మేడమ్ గది ఒకప్పుడు మీటర్లు బాగుచేసే చోటు. గోడమీద ఇంకా వరసగా మేకులున్నాయి. కిటికీ అవతల పంపుసెట్టు హోరు. మేడమ్‌కి ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఫారం ముందేసుకుని కూర్చుంది.

"దీన్నిబట్టి చూస్తే మీకు మనుషులంటే పడదు" అంది.

"అవునా మేడమ్?"

"అవునా అని నన్నడుగుతారేంటి? మీరే రాశారుగా?"

"రాసింది మా బావమరిది. చెప్పింది మా ఆవిడ."

"మరి మీరేం చేశారు?"

"తలుపు తీశానండి. ఎవరో వచ్చారు."

మేడమ్ ఫారం పక్కకి నెట్టింది. నవ్వు ఆపుకోవడానికి నీళ్ళు తాగింది.

"సరే. నిన్న మీ కిటికీ దగ్గర ఏం జరిగిందో చెప్పండి. పొద్దుట్నుంచీ చెప్పండి."

"చెప్పండి" అన్న మాట తనతో ఎవరైనా అని ఎన్నేళ్ళయిందో ఆయన ఆలోచించాడు. పంపుసెట్టు మోగుతూనే ఉంది. చేతులు ఒళ్ళోంచి తీసి బల్లమీద పెట్టి మొదలుపెట్టాడు.

"ఒక లాండ్రీ ఆవిడ వచ్చింది మేడమ్. పచ్చటి నీళ్ళు బకెట్టుతో తెచ్చి నా బల్లమీద పెట్టింది. తెల్ల చొక్కాలు పదహారు పాడయ్యాయంది. నన్ను అంది, మా ఆఫీసరుని అంది, పైపు కనిపెట్టినవాణ్ణి కూడా అంది. తర్వాత వాళ్ళక్క సంగతి వచ్చింది. షాపులో అక్కకీ వాటా ఉంది, పని మాత్రం చెయ్యదు. అది చెప్పాక దాహం వేస్తోందంది. మా మూల డ్రమ్ములో నీళ్ళు రెండు గ్లాసులు తాగింది."

"ఆ నీళ్ళు?"

"అదే పైపువండి."

"మీరు చెప్పలేదా?"

"ఆవిడ అడగలేదు. లేచేటప్పుడు మొహం మారిపోయి ఉంటుంది మేడమ్. వచ్చినప్పటి మొహం కాదు. చూడ్డానికి బాగుంటుంది."

"అందరికీ మారుతుందా?"

"పదిమందిలో ఏడుగురికి. ఇద్దరికి మర్నాడు మారుతుంది. ఒకాయనకి పదకొండేళ్ళుగా మారలేదు. ఆయన ప్రతి మంగళవారం వస్తాడు." చెప్పండిగారిలో ఇంకా ఆశ ఉన్నట్టే కనిపించింది.

మేడమ్ కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఎలా చేస్తారో నాకు చూపించండి. నేను ఫిర్యాదుకి వచ్చాననుకోండి."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. మూత తీసి, వెనక తగిలించి, బల్లమీద పడుకోబెట్టాడు. "చెప్పండి" అన్నాడు.

"మా ఫ్లాట్‌లో పొద్దున్న ఆరింటికే నీళ్ళు ఆగిపోతున్నాయి" అంది మేడమ్, ఏదో నాటకంలా. ఆయన తల ఊపాడు. "ఆరంటే ఆరే. మనిషన్నవాడు స్నానం ఎప్పుడు చెయ్యాలి? ఇక్కడికొస్తే ఇదో గది. ఒకళ్ళు మనసు విప్పి రెండు ముక్కలు మాట్లాడాలన్నా పంపుసెట్టు మోగుతూ ఉంటుంది. మార్చమని అయిదు ఉత్తరాలు రాశా. మా పై ఆఫీసరుకి పంపుసెట్టుకీ నాకూ తేడా తెలీదు. ఇద్దరం ఒకేలా వినిపిస్తామేమో ఆయనకి! ఇక మా అమ్మ. ఆవిడకి నేను చేసే పని ఏంటో ఇప్పటికీ అర్థం కాదు. ఫోనులో ఎవరితోనో అంటోంది, మా అమ్మాయి ఆఫీసులో కబుర్లు చెబుతుందీ అని. కబుర్లట! ఎనిమిదేళ్ళు చదివి..."

ఆగింది. గోడ గడియారం వైపు చూసింది. తర్వాత ఆయన వైపు చూసింది.

"నేను నిజంగానే తిట్టేశానా?"

"మూడో సంగతిలోకి వచ్చేశారు మేడమ్. ఇంకో నిమిషంలో అయిపోయేది."

ఆయన రాసిన వాక్యం: "ఉదయం ఆరింటికే నీళ్ళు ఆగిపోతున్నాయి." ఏ వీధో అడిగి దాన్ని కూడా రాసుకున్నాడు.

మేడమ్ చాలాసేపు నవ్వింది. చివరికి ఫారం మళ్ళీ దగ్గరికి లాక్కుంది. ఈసారి గొంతు వేరేగా ఉంది.

"మీకు ఏ పని ఇష్టమో మీకు తెలుసు. నాకూ ఇప్పుడే తెలిసింది. అది నేను రాసిస్తాను. ఇంకో సంగతి. ఈ అరవై జవాబులూ చదివితే మీరేమిటో నాకు ఒక్క ముక్క తెలియలేదు. మీ ఆవిడ సంగతి మాత్రం పూర్తిగా తెలిసింది. ఆవిడ అరవై ఫిర్యాదులు చేశారు. మీరు ఒక్కటైనా రాసుకున్నారా?"

ఆయన బల్లమీద పెన్ను కేసి చూశాడు. దానికి మూత పెట్టాడు.

"ఇంటికెళ్ళి చదవండి" అని ఫారం చేతిలో పెట్టింది. "రేపు మధ్యాహ్నంలోగా మీరేం రాసిచ్చినా సరే. ముందు ఇది చదవండి."

సాయంత్రం వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చదివాడు. ముప్ఫై ఒకటో ప్రశ్న: పని ముగిశాక మాట్లాడే ఓపిక ఉంటుందా? "ఉండదు." కింద మూడు గీతలు. నలభై నాలుగు: మీ భోజనానికి పని అడ్డు వస్తుందా? "రోజూ. ఆదివారం రెండుసార్లు." యాభై ఎనిమిది: మీ పని గురించి ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారు? ఆ గడి చిన్నది. బావమరిది అక్షరాలు గడి దాటి, అంచు దాటి, వెనక పేజీలోకి తిరిగాయి.

"మేడమ్ ఏమన్నారు?" అంది భార్య. బావమరిది కూడా తీర్పు వినడానికి షాపు మూసి వచ్చాడు.

చెప్పండిగారు కుర్చీలో కూర్చున్నాడు. చెయ్యి జేబులోకి వెళ్ళింది.

"ఆ పెన్ను వేషాలు నా దగ్గరొద్దు" అంది ఆమె. "నోటితో చెప్పండి."

చెయ్యి బయటికొచ్చింది. "నాకు ఆ కిటికీ ఇష్టం."

"ఏంటి బావా, తిట్టించుకోవడమా ఇష్టం?" అన్నాడు బావమరిది.

"నువ్వుండరా." ఆమె భర్త వైపు తిరిగింది. "ఇష్టమా? మరి పద్దెనిమిదేళ్ళుగా సాయంత్రం అలా వేలాడుతూ వస్తారేం? ఎంత నరకం పడుతున్నారో అని నేను పడ్డ జాలంతా దండగేనా?"

"జాలి పడుతున్నావని తెలీదు."

"చెబితే విన్నారా?"

ఆయన ఫారం మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పై గదిలో గడియ ఉంది" అంది ఆమె కొంచెం నెమ్మదిగా. "మీకు గడియ కావాలని నేను అడగలేదు. గడియ ఉన్నచోట పనిచేస్తే ఇంటికి కొంచెం మనిషి మిగులుతాడేమో అనుకున్నా."

ఆయన ఆలోచించాడు. ఆలోచిస్తూ ఆమె వైపే చూశాడు.

"గడియ మన తలుపుకి కూడా ఉంది" అన్నాడు.

"ఉంది. ఎప్పుడైనా వేశారా? ఎవరొచ్చినా తీసి నిలబడతారు. రేపట్నుంచి వేస్తానంటారు. చూశాంలే! ఎల్లుండికి పంపు పాడైనవాడు వచ్చి పళ్ళెం పక్కన కూర్చుంటాడు."

"అక్కా, ఒప్పుకుంటున్నట్టు ఉత్తరం ఇచ్చెయ్యమను" అన్నాడు బావమరిది. "మంచి గది. పైగా ఫ్యాను కూడా..."

"నీ షాపుకి ఎవరూ రారా ఈ టైములో?" అంది అక్క.

అతను చెప్పులేసుకున్నాడు.

మర్నాడు ఉదయం ఏడింటికి ఇద్దరూ పళ్ళేల ముందు కూర్చోగానే తలుపు చప్పుడైంది. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. చెప్పండిగారు లేచి వెళ్ళాడు. ఎదురింటాయన. నోట్లో బ్రష్షు, చేతిలో మగ్గు, మగ్గులో ఎర్రటి నీళ్ళు.

"చూశారా ఈ రంగు!" అన్నాడు నురగలోంచి.

"పదింటికి ఆఫీసుకి రండి."

"ఆఫీసుకెందుకండీ, మీరు ఇక్కడే ఉన్నారుగా?"

"ఇప్పుడు లేనండి" అని తలుపు వేసి, గడియ పెట్టాడు.

వచ్చి కూర్చున్నాడు. పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. తలుపు అవతల ఎదురింటాయన కాసేపు నిలబడ్డ చప్పుడు, తర్వాత వెళ్ళిన చప్పుడు.

"ఎవరు?" అంది భార్య.

"ఎదురింటాయన."

"ఏమంటారు?"

"వినలేదు."

ఆమె గరిటె కింద పెట్టింది. "మన పంపులో కూడా రంగు నీళ్ళు వస్తున్నాయేమో చూశారా?"

"అది తర్వాత చూద్దాం. నిన్న బడిలో ఏం జరిగింది?"

ఆమె అనుమానంగా చూసింది. తర్వాత మొదలుపెట్టింది. పెద్ద టీచరు టైం టేబుల్ మార్చేసింది. ఆఖరి పీరియడ్ లెక్కలు పెట్టింది. దానికంతా ఆ పొడుగు జడ టీచరే కారణం.

"పొడుగు జడ టీచరెవరు?" అన్నాడు.

"మూడేళ్ళుగా చెబుతున్నానండీ ఆవిడ గురించి!"

"మొదట్నుంచీ చెప్పు."

ఆమె మూడేళ్ళ వెనక్కి వెళ్ళి మొదలుపెట్టింది. తొమ్మిదిన్నరకి ఇంకా రెండో ఏడాదిలోనే ఉన్నారు. ఆమె బడికి ఆలస్యమైంది. ఆయన, పై గది పదవి వద్దంటూ రాత్రి రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆమెను బడి గేటు దాకా దింపాడు. దారి పొడవునా మూడో ఏడాది విన్నాడు. ఆఫీసుకి చేరేసరికి పదీ ఇరవై. మూడో నంబరు దగ్గర తొమ్మిదిమంది ఉన్నారు, మగ్గుతో సహా. ఆయన వాళ్ళను దాటుకుని మెట్లెక్కి, కాగితం ఆఫీసరు చేతికిచ్చి, కిందికి దిగాడు.