జిద్దాలో నా వేళ్ళు నన్ను గుర్తుపట్టలేదు

యాన్బులో మా ఆవిడ ఫాతిమా సమాధి మీద పేరు లేదు. ఇక్కడ ఎవరి సమాధి మీదా పేరు ఉండదు. మట్టి దిబ్బ, తలవైపు ఒక రాయి, అంతే. గేటు పక్క గోడ నుంచి నాలుగో వరుస, ఎడమ నుంచి పదిహేడోది. ఆ లెక్క నా తలలో తప్ప ఎక్కడా లేదు. మాకు పిల్లలు లేరు. సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే ప్లాంటులో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, ఈ నెలాఖరుతో చెల్లిపోతుంది. ఆ తర్వాత ఖురూజ్, మళ్ళీ అడుగుపెట్టనక్కర్లేదని కొట్టే ముద్ర. రాయచోటికి పోయి కూర్చుంటే ఆ పదిహేడో దిబ్బ పదహారో దిబ్బతో కలిసిపోతుంది. పౌరసత్వానికి పదకొండేళ్ళ కిందట వేసిన దరఖాస్తును నేనే మరిచిపోయాను. పోయిన నెల ఫోనుకు సందేశం వచ్చింది, ప్రమాణం చేయడానికి జిద్దాకు రమ్మని. సంతోషం రాలేదు. ఎక్కడో పొరపాటు జరిగింది, అక్కడికి పోగానే బయటపడుతుందని భయం వేసింది. చదివేవాళ్ళకు ముందే చెబుతున్నాను, ఇది అందరికీ దొరికేది కాదు. నాతో పాటు దరఖాస్తు వేసిన వాళ్ళలో ఎవరికీ రాలేదు.

యాన్బు నుంచి జిద్దాకు రోడ్డు మీద మూడున్నర గంటలు. బస్సు చవక, కానీ ఉదయం పది గంటల పిలుపుకు దాన్ని నమ్ముకోలేం. అందుకే మా రాయచోటి వాడే, టాక్సీ నడిపే మహబూబ్ బాషాను రానూపోనూ ఐదు వందల రియాళ్ళకు మాట్లాడుకున్నాను. ఫజర్ నమాజు కాగానే ఐదింటికి బయలుదేరాం. అరబ్బుల మాదిరి కాళ్ళదాకా దిగే, కొత్తగా కుట్టించుకున్న తెల్లటి తోబ్‌లో నన్ను చూసి బాషా కారు దిగి తలుపు తీశాడు.

"రండి కఫీల్ సాబ్. నా జీతం ఎప్పుడిస్తారు?" కఫీల్ అంటే ఇక్కడ మనల్ని పనిలో పెట్టుకునే అరబ్బు యజమాని.

"ముందు నీ తల కడుక్కో. కొబ్బరినూనె వాసనకు కారులో కూచోలేకుండా ఉండా."

"మా అమ్మ డబ్బా పంపించింది మామా. వాసన పట్టకపోతే కిటికీ దించుకోండి. ఏసీ మాత్రం ఆపేస్తా."

ఆ నూనె మీద జిద్దా దాకా వాణ్ణి సతాయించాను. భయపడే మనిషికి ఎవరో ఒకరు తిట్టడానికి కావాలి.

యాన్బు దాటగానే చెక్‌పోస్టు. బాషా కారు నెమ్మది చేసేలోపే నా చెయ్యి జేబులోకి పోయింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా అంతే, పోలీసు టోపీ కనిపిస్తే ఇఖామా తడుముకుంటాను. చరిత్ర పుస్తకాలు చాలా చదివాను. రాజ్యాలు మారినప్పుడు జనం ఏడ్చారనో, జెండాలు ఊపారనో రాస్తారు. ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి మారే మనిషి చెయ్యి ఎన్నిసార్లు జేబు తడుముకుంటుందో ఎవరూ రాయలేదు. పోలీసు నా ముఖం వైపైనా చూడకుండా పొమ్మన్నాడు. రాబిగ్ దగ్గర ఏడింటికి ఆగి తమీస్ రొట్టె, ఫూల్ అనే చిక్కుడు గింజల కూర తిన్నాం. ఇద్దరికీ పద్నాలుగు రియాళ్ళు. రొట్టెలు కాల్చే పెషావర్ మనిషి నా తోబ్‌ను కింది నుంచి పైదాకా చూసి ఉర్దూలో అడిగాడు.

"చాచా, మళ్ళీ పెళ్ళికి పోతున్నారా?"

"లేదు, ప్రమాణం చేయడానికి."

"అదే కదా నేనూ అడిగేది!"

బాషా పొలమారేదాకా నవ్వాడు. నా రొట్టె కూడా వాడి ముందుకే జరిపాను.

దారి పొడుగునా మా జలీల్ గొంతు చెవిలో మోగుతూనే ఉంది. హైదరాబాదువాడు. మొదటి ఐదేళ్ళు ఒకే గదిలో పడుకున్నాం. తర్వాత ప్లాంటులో నాకు పై అధికారి అయ్యాడు. అధికారి అయ్యాక ఒకే కంచంలో తిన్న సంగతి వాడికి గుర్తులేదు, నా సెలవు చీటీలు మాత్రం గుర్తుండేవి. ఫాతిమా పోయిన మూడో రోజు పదిమంది ముందు అన్నాడు: "ఈ దేశంలో మనదంటూ ఏమీ లేదు. నీ బేగమ్‌కు దొరికిన ఆరడుగులు కూడా అద్దెకే." ఆ మాటకు జవాబు చెప్పడానికే మర్నాడు దరఖాస్తు రాశాను. దేశభక్తి అనుకునేవాళ్ళు అనుకోండి.

జిద్దాలో తొమ్మిదింటికే చేరాం. అక్కడి షరఫియా పేటలో ఐదు రియాళ్ళకు ఇరానీ టీ తాగి, పిలిచిన ప్రభుత్వ దఫ్తరుకు పావు తక్కువ పదికి పోయాం. లోపల చల్లగా, ఆస్పత్రిలాగా నిశ్శబ్దంగా ఉంది. ప్రమాణానికి వచ్చినవాళ్ళం పదకొండు మందిమి. మొదటి కౌంటర్లో నా ఇఖామా, ఇండియా పాస్‌పోర్టు రెండూ తీసుకుని సొరుగులో పెట్టి ఒక నంబరు చీటీ ఇచ్చారు. పాస్‌పోర్టు తర్వాత మన కాన్సులేటుకు అప్పగించాలి, ఆ కాగితాలు వేరే. కానీ ఆ నిమిషంలో నా చేతిలో ఉన్నది ఏడు అని రాసిన చీటీ ఒక్కటే.

రెండో కౌంటర్లో బస్మా, అంటే వేలిముద్ర. కౌంటరు కుర్రాఫీసరు "బొటనవేలు పెట్టు సదీక్" అన్నాడు. సదీక్ అంటే స్నేహితుడు. స్నేహితుడు కానివాణ్ణి పిలిచే మాట అది. బొటనవేలు పెట్టాను. ఎర్ర దీపం. చూపుడు వేలు. ఎరుపు. పది వేళ్ళూ పెట్టించాడు, పదీ ఎరుపే. అతను నా చెయ్యి తిప్పి చూశాడు.

"వేళ్ళకు ఏం చేశావు?"

చెప్పడానికి సిగ్గేసింది. ప్లాంటులో సెన్సరు సరిగా చదవకపోతే నిమ్మ ఉప్పుతో, రాయితో రుద్ది మెరిసేదాకా శుభ్రం చేస్తాం. అప్పుడు చదువుతుంది. యంత్రానికి శుభ్రమే కావాలని నా నమ్మకం. అందుకని మూడు రోజులుగా పొద్దునా సాయంత్రం నిమ్మకాయతో, కాళ్ళు రుద్దుకునే రాయితో వేళ్ళను రుద్దాను. ఇన్నేళ్ళూ ప్లాంటు ఆమ్లాలు తినగా మిగిలిన గీతలను నేనే నా చేతులతో చెరిపేసుకున్నాను.

"ఇంత శుభ్రంగా ఉన్న వేళ్ళు నేనెప్పుడూ చూడలేదు," అన్నాడతను నవ్వకుండా. "ముద్ర కలవకపోతే నువ్వే ఆ మనిషివని నాకేం తెలుసు? అక్కడ కూర్చో. నమాజు విరామంలోపు కలవాలి. లేకపోతే ఫైలు వెనక్కి పోతుంది."

ఫైలు వెనక్కి పోవడమంటే మళ్ళీ పదకొండేళ్ళు. నాకు నెలాఖరు దాకానే టైముంది. గోడవార కుర్చీలో కూర్చున్నాను. అద్దం అవతల హాల్లో మిగిలిన పదిమందీ నిలబడి, చెయ్యి ఎత్తి, ఒక్క గొంతుతో ప్రమాణం చేస్తున్నారు. నాకు ఒక్క మాటా వినిపించడం లేదు, పెదవులు కదలడమే కనిపిస్తోంది. నా కార్డు ఆ సొరుగులో ఉంది, నా పాస్‌పోర్టు ఆ సొరుగులో ఉంది, నా వేళ్ళు నావి కావంటున్నాయి. ఇప్పుడు ఎవరైనా వచ్చి నువ్వెవరని అడిగితే ఏడో నంబరు అనాలి. గోడ నుంచి నాలుగు, ఎడమ నుంచి పదిహేడు అని లోపల లెక్కపెడుతూ కూర్చున్నాను.

బాషా వచ్చి పక్కన కూలబడ్డాడు. "ఏమైంది మామా? ముఖం సున్నం కొట్టినట్టుండాది." చెప్పాను. వాడు నా వేళ్ళు పట్టుకుని చూశాడు.

"ఎండిపోయినాయి మామా. బలదియాలో రోడ్లు ఊడ్చే పనోళ్ళందరికీ ఇదే బాధ. తేమ, నూనె ఉంటేనే ముద్ర పడేది. నుదుటి జిడ్డు వేలికి రుద్దుకుని పెడతారు వాళ్ళు." నా నుదురు తాకి చూశాడు. "ఇదీ ఎండిపోయుండాది. ఈ తోబ్ మాదిరే ఇస్త్రీ చేసినారా ఏంది?"

తర్వాత తల వంచి నా ముందు పెట్టాడు. "పెట్టండి."

"ఏంది?"

"నా తల్లో మీ వేళ్ళు పెట్టి రుద్దండి. పొద్దున్నించి తిట్టినారు కదా, ఆ నూనే."

అంతమంది ముందు, కొత్త తోబ్‌లో, పది వేళ్ళూ బాషా జుట్టులో దూర్చి పిండి కలిపినట్టు రుద్దాను. ఎవరో నవ్వారు. వాడు మాత్రం తల ఎత్తలేదు. "గట్టిగా మామా, దురద కూడా పోతుంది" అన్నాడు.

చేతిరుమాలుతో పైపైన అద్దుకుని కౌంటరుకు పోయాను. కుడి చెయ్యి మొత్తం ఎరుపు. ఎడమ బొటనవేలు ఎరుపు. ఎడమ ఉంగరపు వేలు పెట్టినప్పుడు దీపం కాసేపు ఆలోచించి ఆకుపచ్చగా వెలిగింది. "ఒకటి చాలు," అన్నాడు ఆఫీసరు, గడియారం చూసుకుంటూ. హాలు అప్పటికే ఖాళీ అయింది. కౌంటరు దగ్గరే నిలబెట్టి, అతను ముక్కముక్కగా చదువుతుంటే, నేను వెనకాలే పలికాను. అల్లాహ్ మీద ప్రమాణం, రాజుకూ దేశానికీ విధేయత. సగంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఆ కుర్రాఫీసరు తొందరపెట్టలేదు. నీళ్ళ సీసా ముందుకు జరిపి, "నెమ్మదిగా, యా అమ్మ్" అన్నాడు. అమ్మ్ అంటే బాబాయి.

బయటికి రాగానే వాళ్ళిచ్చిన పౌరసత్వపు కాగితం ఫొటో తీసి జలీల్‌కు పంపాను. వాడిప్పుడు హైదరాబాదులో ఉంటున్నాడు. రాబిగ్ దాటాక జవాబు వచ్చింది: "ముబారక్. మేమొస్తే ఇక నువ్వు కూడా సదీక్ అంటావా?" ఫోను ఒళ్ళో బోర్లా పెట్టుకున్నాను.

యాన్బు చెక్‌పోస్టు దగ్గర నా చెయ్యి మళ్ళీ జేబులోకి పోయింది. అక్కడ ఇఖామా లేదు. కొత్త కాగితం మడత తగిలేదాకా తడుముతూనే ఉన్నాను. కాగితం మారితే భయం కూడా మారుతుందని అనుకున్నాను. అది పాత ఇంట్లోనే ఉంది, తలుపు మీద పేరు ఒక్కటే మారింది. ఇక నన్ను ఎవరూ పంపించలేరు, నిజమే. కానీ నాకు డెబ్బై దగ్గర పడ్డాయి. పంపించేది దఫ్తరు ఒక్కటే కాదు కదా. నా వేళ్ళే నన్ను చెరిపేస్తే, నా తలలో ఉన్న లెక్క ఎంతకాలం ఉంటుంది? సాయంత్రపు అసర్ నమాజు వేళకు బాషాను శ్మశానానికి తిప్పమన్నాను. గోడ దగ్గర నిలబెట్టి, నాలుగో వరుస, పదిహేడోది అని చెప్పి లెక్కపెట్టమన్నాను. వాడు చెప్పులు విప్పి, వేలితో చూపిస్తూ, "ఒకటి, రెండు, మూడు" అని పైకే అనుకుంటూ నడిచాడు. పదిహేడు దగ్గర ఆగి నా వైపు తిరిగాడు. "ఈయమ్మేనా మామా?" అన్నాడు. అవునన్నాను. "పక్కన జాగా ఉండాది," అన్నాడు. చూశాను, ఉంది.

ఇక మీకు పనికొచ్చే మాట ఒక్కటి. బస్మాకు ముందు వారం రోజులు వేళ్ళకు నూనె రాసుకోండని బాషాలాంటి వాళ్ళెవరైనా చెబుతారు, నేను చెప్పనక్కర్లేదు. నేను చెప్పేది వేరు. మీ మనిషి ఇక్కడి మట్టిలో ఉంటే, ఈ వారమే ఇంకొకరిని తీసుకుపోయి ఆ వరుస చూపించండి. వాళ్ళ చేత పైకి లెక్కపెట్టించండి.