గట్టు పక్క మూడు సాళ్ళు

కొండెక్కే దారి మొదట్లో, బస్సు దిగిన చోటే, ఒక పెద్దామె లోతైన గిన్నెలో పట్టుపురుగుల్ని ఉడకబెట్టి కాగితపు గ్లాసుల్లో పోసి అమ్ముతుంది. పట్టు తీసేశాక గూట్లో మిగిలే పురుగది. ఇక్కడివాళ్ళు బొన్‌దెగి అంటారు, పుల్లతో గుచ్చుకుని ఉడికించిన వేరుశనక్కాయల్లా తింటారు. నేను కొరియాకు వచ్చి మూడేళ్ళయింది. వెచ్చటి నేల మీదే పడుకోవడం, పెద్దవాళ్ళకు ఏదైనా రెండు చేతులతో అందించడం, పెరుగన్నంలోకి ముల్లంగి కిమ్చీ నంజుకోవడం, శనివారం వస్తే ఊళ్ళోని ముసలీ ముతకా అందరితోపాటు కర్ర పట్టుకుని కొండలకు బయల్దేరడం, అన్నీ ఒంటబట్టాయి. ఆ వాసన మాత్రం పట్టలేదు. అది ముక్కుకు తగిలితే చాలు, నేను తొమ్మిదేళ్ళ పిల్లనైపోయి మారండహళ్ళి దగ్గర మా ఊళ్ళో, పట్టుపురుగులు పెంచే కొట్టం గడప ముందు నిలబడి ఉంటాను. "కాళ్ళు కడుక్కున్న్యావా?" అని లోపలి నుంచి అవ్వ అడుగుతూ ఉంటుంది.

అవ్వ, అంటే మా నాన్నను కన్నతల్లి, మామూలు రోజుల్లో నెమ్మదస్తురాలే. పురుగుల గుడ్లు ఇంటికొచ్చిన రోజు నుంచి మాత్రం ఆమెను పట్టడం ఎవరి తరమూ కాదు. ఊదొత్తి వెలిగించకూడదు, మల్లెపూలు పెట్టుకుని కొట్టంలోకి రాకూడదు, మొహానికి పౌడరు రాసుకోకూడదు, అన్నిటికన్నా ఘోరం, తాళింపు వేయకూడదు. పురుగులకు ఘాటు పడదట! నెల రోజుల పాటు తాళింపు లేని ఉలవచారుతో రాగిముద్ద మింగుతూ, బడికి పోయే మాకంటే పురుగులకే గారాబం ఎక్కువని నేను సణుక్కునేదాన్ని. అవి మేత మాని తలలెత్తి నిద్రపోతే జ్వరమొచ్చిందనేవాళ్ళు. అలా నాలుగు జ్వరాలు దాటి, వారం రోజులు ఆబగా తిని, గూళ్ళు కట్టడానికి చంద్రికలనే వెదురు తట్టల మీదికి ఎక్కి, ఆ గూళ్ళన్నీ గట్టిపడి మూటల్లో సంతకు పోయిన రోజున, అవ్వ పొయ్యి మీద నూనె పెట్టి ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ చిటపటలాడించేది. దీపావళి కంటే ఆ రోజే నాకు పెద్ద పండగ.

కొట్టంలో అసలు పనంతా చిన్నమ్మది, మా చిన్నాయన భార్యది. కంబైనల్లూరు నుంచి కొత్తకోడలిగా వచ్చినప్పుడు పురుగును చూసి కెవ్వుమన్నదట. రెండేళ్ళు తిరిగేసరికి అదే పురుగును అరచేతిలో పెట్టుకుని వెలుతురుకేసి చూసి, ఇంకో రోజులో పండి గూడు కడుతుందని చెప్పేసేది. ఆకు పరుస్తూ వాటితో మాట్లాడేది. "తినండి నా బంగారాల్లారా, పావం, జ్వరమొచ్చి లేచినారు" అనేది. చిన్నమ్మ నాతో కూడా అంత ముద్దుగా మాట్లాడదని నాకు కుళ్ళు, ఒప్పుకుంటాను.

ఒక వానాకాలం పంటకు, నాలుగో జ్వరం నుంచి పురుగులు లేచిన మర్నాడు, మబ్బు పట్టిందని పెద్దవాళ్ళంతా వేరుశనగ పీకే హడావిడిలో పడ్డారు. ఆకు కోసుకురమ్మని నన్ను పంపారు. మా మల్బరీ తోటను ఆనుకుని పక్కవాళ్ళ టమాటా తోట ఉండేది. వాళ్ళు పురుగుల మందు కొడతారు కాబట్టి గట్టు పక్క మూడు సాళ్ళ ఆకు ఎవరూ ముట్టుకోకూడదని అవ్వ కట్టడి. నాకు తెలుసు. తెలియక చేశానని ఇప్పుడు అబద్ధం చెప్పను. లోపలి సాళ్ళలో మోకాలిలోతు బురద, గట్టు పక్కనేమో కాలు తడవకుండా కోసుకోవచ్చు, ఆకు కూడా నిగనిగలాడుతోంది, బద్ధకం, అంతే. తట్ట నింపుకొచ్చాను. చిన్నమ్మ నా తల నిమిరి, "ఎంత మంచి ఆకు తెచ్చినావు పాపా!" అని మెచ్చుకుని, తన చేతులతోనే పురుగులకు వేసింది.

సాయంత్రానికల్లా పురుగులు తలలు ఆడిస్తూ పచ్చటి నీళ్ళు కక్కుకున్నాయి. తెల్లారేసరికి ఒక్కటీ కదలడం లేదు. ఇల్లంతా ఆశ పెట్టుకున్న పంట అది. అవ్వ కొట్టం మధ్యలో కూలబడి, ఎవరేం తప్పు చేశారో చెప్పమని ఒక్కొక్కరినీ అడిగింది. మా ఇళ్ళల్లో నెలసరిని తీట్టు అంటారు, ఆ రోజుల్లో ఆడవాళ్ళు కొట్టం గడప తొక్కకూడదు. చిన్నమ్మ దాచుకునే మనిషి కాదు.

"ఆకు వేసి బయటికొచ్చినాకే చూసుకున్న్యాను అత్తా. లోపల ఉండగానే అయిందేమో" అంది తల వంచుకుని.

"నా కొంప ముంచితివి కదే!" అని అవ్వ నెత్తి కొట్టుకుంది.

స్తంభం పక్కన నేనున్నాను. అవ్వ చేతి దెబ్బకు భయపడ్డాను. రేపు చెబుదామనుకున్నాను, ఆ రేపు ఇరవై రెండేళ్ళు రాలేదు.

చిన్నమ్మ మళ్ళీ కొట్టంలో అడుగు పెట్టలేదు. రెండు పంటలు తిరిగేసరికి అవ్వే మెత్తబడి రమ్మన్నా, "వద్దులే అత్తా, నా చెయ్యి మంచిది కాదు" అనేది. తర్వాత తర్వాత పసిబిడ్డను ఊయల్లో వేయమన్నా, పెళ్ళికూతురికి పసుపు రాయమన్నా వెనక్కి జరిగేది. అలా జరిగిన ప్రతిసారీ నేను ఏదో పనున్నట్టు అక్కణ్ణుంచి తప్పుకునేదాన్ని.

పోయిన శనివారం మా ఇంటి యజమానురాలు నాతో కొండకు వచ్చింది. ఆమెను హల్మొని అని పిలుస్తాను, మన అవ్వ అన్నమాట. ఒక గ్లాసు బొన్‌దెగి కొని నా చేతిలో పెట్టింది. వద్దన్నాను. ఎందుకంది. నా వచ్చీరాని కొరియా భాషలో ఉన్నదంతా కక్కేశాను. చిన్నప్పుడు వాళ్ళింట్లోనూ పురుగులు పెంచారట, ఓపిగ్గా చివరిదాకా వింది.

"ఆ చిన్నమ్మ బతికే ఉందా?" అని అడిగింది.

ఉందన్నాను.

"మరి నాకెందుకు చెబుతున్నావు?" అంది. ఆమెకు మొహమాటం లేదు, నాకు తలెత్తే మొహం లేదు.

ఆదివారం ఫోన్ చేశాను. "తిన్న్యావా పాపా? ఆడ చలి ఎట్లుంది?" అని చిన్నమ్మ ఎప్పట్లాగే మొదలుపెట్టింది. గట్టు పక్క ఆకని, తెలిసే కోశానని, గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"అయితే నేను కాదా?" అంది.

"నువ్వు కాదు చిన్నమ్మా. తీట్టూ కాదు, ఏమీ కాదు. ఆ మందు."

"నేను కాదా పాపా?"

ఏడుపు ఆగలేదు నాకు. కొట్టం పడగొట్టి చాలా కాలమైంది. మల్బరీ పీకేసి చామంతి వేశారు. పురుగులతో మాట్లాడే మనిషి ఇప్పుడు మా ఊళ్ళో ఎవరూ లేరు. అందరికంటే ముందు ఈ మాట వినాల్సిన అవ్వ పోయి ఆరేళ్ళు. ఇంతలో ఫోన్లో చిన్నమ్మ చిన్నాయనను, కోడలిని, వాకిట్లో ఎవరుంటే వాళ్ళను పేరుపేరునా కేకేస్తున్నది వినబడింది.

"అందరూ వచ్చినారు" అంది. "ఇంకొకసారి చెప్పు పాపా. గట్టిగా చెప్పు."

చెప్పాను.