మంచంమీది సైకిలూ, నా చెక్కభజనా

వారానికి మూడు దినాలు ఓర్వకల్లు దగ్గరి మా ఊరినుంచి బస్సెక్కి కర్నూలుకు పోతాను. నాలుగు గంటలు డయాలసిస్ మిషను పక్కన పడుకొని వస్తాను. ఎడమచేతికి రెండు సూదులు గుచ్చుతారు. ఆ చేయి కదల్చొద్దంటారు, కదల్చను. కాని ఈ ఒళ్లంతా ఇక మిషనుదేనని ఎవరన్నా అంటే మాత్రం ఒప్పుకోను.

పోయిన ఎండాకాలం మొదట్లో, రోగులకు వ్యాయామం నేర్పడానికి ఒక అమ్మాయి వచ్చింది. అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి, ఇష్టమైనదానికి టిక్కు పెట్టమంది. మంచానికి బిగించిన సైకిలు పడుకొనే తొక్కడం, ఇంటి దగ్గర నడవడం, రబ్బరు పట్టీ లాగడం. మూడే గడులు.

పక్క మంచం మీద ఆత్మకూరులో అంగడి ఉన్నాయన ఉంటాడు. ఆయన చూసీ చూడకముందే సైకిలుకు టిక్కు కొట్టేశాడు.

"ఇంటికి పోతే ఒళ్లు లేపబుద్ధి కాదప్పా. ఈడైతే ఎట్లాగూ పడుకొనే ఉంటాం. తొక్కుతాంటే పొద్దన్నా పోతాది" అన్నాడు.

"యాడికీ పోని సైకిలు తొక్కి ఏం చేస్తావు?"

"నువ్వు గుడి చుట్టూ తిరుగుతావు గదా, యాడికి పోతాండావు?"

"దేవుని దగ్గరికి."

"నేనూ ఆడికే. కాకుంటే నిదానంగా పోదామని తొక్కుతాండా."

నవ్వాను. ఆయన ఇష్టం ఆయనది. నేను మాత్రం మూడు గడుల కింద ఖాళీలో 'చెక్కభజన' అని రాసిచ్చాను.

ఆ అమ్మాయిది ఈ పక్క ఊరు కాదు. చెక్కభజనంటే ఏందో చెప్పాల్సి వచ్చింది. కాళ్లకు గజ్జెలు, కుడిచేతిలో తాళాలు బిగించిన చెక్కలు. గుండ్రంగా తిరుగుతూ, పాడుతూ, వంగి లేస్తూ అడుగులు వేస్తాం. మా ఊరి భజన మందిరంలో పన్నెండో ఏట నేర్చుకున్నాను. శనివారం శనివారం వీధుల్లో తిరిగే భజనలో ముప్పై ఏండ్లుగా ముందడుగు నాది. భక్తి తొమ్మిది విధాలని మా భజన గురువు చెప్పేవాడు. వినడమొక్కటే చాలనుకుంటే మంచంలోనే వినొచ్చు. నాకు చాలదు.

"ఎగరడాలు ఉంటాయా అంకుల్?"

"ఉంటాయి. ఎగరొద్దంటే మానుకుంటా. అడుగు మాత్రం మానుకోను."

సూదులు పెట్టకముందు వరండాలో ఒక పాటకు అడుగులు వేసి చూపించాను. తర్వాత బీపీ చూసింది, డాక్టరును అడిగింది. ఎగరకుండా, పాట పాటకూ కూర్చుంటూ చేయమన్నారు. ఇంకో మాట కూడా చెప్పింది: "పాడలేనంత ఆయాసం వస్తే ఆపేయాలి." ఆ కొలత నాకు నచ్చింది. నోట నామం ఆగిన తర్వాత కాలు కదిలి ఏం లాభం?

అంతలో శ్రీరామనవమి వచ్చింది, ఆదివారం. వీధి భజన. ఇంటింటి ముందరా ఆగి ఒక పాట, ఆ ఇంటివాళ్లు ఇచ్చే పానకం. నాకు రోజుకు ఇన్ని నీళ్లని లెక్క ఉంది. ఇంట్లో గ్లాసు కొలుచుకొని తాగుతాను. పానకాన్ని మాత్రం ఆ లెక్కలో వేసుకోలేదు. అది ప్రసాదం, నీళ్లు కాదనుకున్నాను. వద్దంటే అపచారమనుకున్నాను. ప్రతి ఇంటి దగ్గరా తాగాను.

సోమవారం ఆసుపత్రిలో త్రాసు ఎక్కితే నాలుగు కిలోల నీళ్లు ఎక్కువ. ఊపిరి ఆడలేదు. ఆ పూట మిషను మీద పడిన అవస్థ దేవునికే తెలుసు.

డాక్టరు వచ్చి, "చెప్తే వినలేదు. ఇంక భజన బంద్. నువ్వూ సైకిలే తొక్కు" అన్నాడు.

"సార్, తప్పు నోటిది. శిక్ష కాళ్లకు వేస్తాండారు."

"రెండూ నీవే కదా?"

"నావే. అందుకే చెప్తాండా. ఒక్క శనివారం భజనకు వదలండి. సోమవారం త్రాసు చెప్తాది. ఎక్కువుంటే చెక్కలు తెచ్చి మీ బల్లమీద పెట్టిపోతా."

ఆయన నా వాచిన కాళ్లు వేలితో నొక్కి చూశాడు. "ఒక్క శనివారం. వాపు దిగితేనే" అన్నాడు.

వాపు దిగింది. అయినా ఆ శనివారం నాకు కష్టమైంది అడుగులు కాదు, చెంబులు. తొలి ఇంటి దగ్గరే ఒక పెద్దమ్మ తీర్థం తెచ్చింది.

"ఒద్దు పెద్దమ్మా."

"రామునిది ఒద్దంటావా? ఎప్పటినుంచి అంత పెద్దోనివైనావు?"

"లోపలికి ఒద్దు. నెత్తిన పొయ్యి."

ఉద్ధరిణెడు పోస్తుందనుకొని తల వంచాను. ఆమె చెంబెడూ కుమ్మరించింది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. గుంపంతా నవ్వింది. తర్వాతి ఇండ్లలోనూ అట్లే తల వంచాను, వాళ్లూ అట్లే పోశారు. నాలుక పిడచ కట్టుకొని పోయింది. పెదాల మీదికి జారిన చుక్కను కూడా తుడుచుకున్నాను. మూడో పాటలో రెండో చరణం దగ్గర గొంతు అందలేదు. గుండ్రంలోనుంచి బయటికొచ్చి అరుగుమీద కూర్చున్నాను. ముందడుగు వేరేవాడు వేశాడు. రోషమొచ్చింది. కాని లేవలేదు. నాలుగో పాటకు లేచాను.

సోమవారం త్రాసు ఎక్కాను. కిలోన్నరే పెరిగాను. ఆత్మకూరాయన మంచంమీదినుంచే మెడ సాచి చూశాడు.

డాక్టరు, "శనివారానికి మూడు పాటలు, అంతకు మించొద్దు" అన్నాడు.

"నాలుగు సార్. మూడోదానికి కూర్చొని లేచినా. అడగండి, మా ఊరంతా సాక్ష్యం."

ఆ అమ్మాయి నా పాత కాగితం తెచ్చి, నేను రాసిన 'చెక్కభజన' పక్కన నాలుగో గడి గీసింది. పెన్ను నా చేతికిచ్చింది. కుడిచేత్తో టిక్కు పెట్టి, ఎడమచేయి చాపి పడుకున్నాను.